గణముల పాలనా, పాలన్‌నా?

కాజీపేట జంక్షన్: గ్రూప్-1 పిల్లలకు యూరోపియన్ యూనియన్ పాఠం తెలుగులో రాస్తున్న. 1979 నుంచి అక్కడి పార్లమెంటుకు జనం నేరుగా ఓటేస్తున్నరు గని, చట్టం ముసాయిదా పెట్టేది మాత్రం కమిషనే, అంటే యూనియన్ పాలనా యంత్రాంగమే. 2012 నుంచి ఇంకో దారి తెరిచిన్రు: కనీసం 7 దేశాల నుంచి 10 లక్షల సంతకాలు తెస్తే 'ఈ చట్టం తెండి' అని పౌరులే అడగొచ్చు. ఈ పార్టిసిపేషన్‌ను 'పౌర భాగస్వామ్యం' అంటే ఏదో వ్యాపారంల వాటా లెక్క వినిపిస్తుంది. ఇట్ల కొట్టుకుంటుంటే పోతన పద్యం నోట్లె మెదిలింది: 'కలడందురు పరమయోగి గణముల పాలన...' ఇది పరిపాలనేనా? తర్వాతి ముక్క యాదికొస్తలేదు.

పరకాల పంతులు: పాలన కాదు తమ్మీ, పాలన్. తర్వాత 'కలడు' కాస్తా 'గలడు' అయింది చూడు. ద్రుతం, అంటే చివరి 'న్', లేకుంటే ఆ 'గ' ఎట్ల వస్తది?

చెరువుగట్టు: పంతులుగారూ, ప్రథమ మీది పరుషాలకు, అంటే క చ ట త పలకు, గసడదవలు వస్తాయి కదా. అంటే 'పాలన గలడు' అని కూడా కావచ్చు. ఆ 'గ' ఒక్కదాన్ని సాక్ష్యంగా తేలేరు.

పరకాల పంతులు: సరే, గణాలు చూడున్రి. కలడం, దురుపర, మయోగి, గణముల, పాలన్. కందంల రెండో పాదం గురువుతోనే ముగియాలె. 'పాలన'కు కూడా నాలుగు మాత్రలే, కాని చివర లఘువు. నలభై ఏండ్లు బడిల చెప్పిన, ఇది ఒప్పుకోను.

చెరువుగట్టు: గురువు సంగతి ఒప్పుకుంటున్నా. మరి అర్థమో? యోగుల 'వంతు'కా, యోగుల 'చెంత'నా?

కరీంనగర్ కోడలు: అన్నా, నీకు కావాల్సిన మాట అక్కడనే ఉన్నది కదనే! పాలు అంటే వంతు. పాలు, కొను కలిస్తే పాల్గొను. పౌరులు పాల్గొనుడు, పాలుపంచుకొనుడు. భాగస్వామ్యం ఎందుకు?

చెరువుగట్టు: అదే మాటకు ఇంకో ముఖం కూడా ఉందమ్మా. దొంగలపాలు, నీళ్ళపాలు. 10 లక్షల సంతకాలు ఆఫీసులపాలు కావని పూచీ ఏది? కమిషన్ ఆరు నెలల్లో జవాబు రాయాలి, చట్టం తేవాల్సిన పనిమాత్రం లేదు. తేకుంటే ఎందుకు తేలేదో చెబితే చాలు.

కరీంనగర్ కోడలు: అన్నీ ఆఫీసులపాలు కాలే సార్. నీళ్ళు మా హక్కని అడిగినోళ్ళే మొదట ఆ 10 లక్షల గీత దాటిన్రు, వాళ్ళ సంతకాలు 16 లక్షలు దాటినై. 2014ల జవాబొచ్చింది, 2020ల తాగునీటి చట్టం మారింది. ఆరేండ్లు! మా ఊరి గ్రామసభల బోరు గురించి అడిగితే సర్పంచ్ తెల్లారేసరికి ఏదో ఒకటి చెప్పాలె, ఎదురింట్లనే ఉంటడు.

కాజీపేట జంక్షన్: నాకు ఆ పద్యం అందుకే యాదికొచ్చినట్టుంది. ప్రజలు అడిగితే ఎవరూ దొరకరు. దీనులయెడ ఉన్నడంటరు, అన్ని దిక్కులల్ల ఉన్నడంటరు, 'కలడో లేడో'! అకౌంటబిలిటీకి కూడా మాట చెప్పున్రి, 'జవాబుదారీతనం' నాకు బరువనిపిస్తుంది.

పరకాల పంతులు: లేడనకు. 1999 మార్చిల శాంటేర్ అధ్యక్షుడుగ ఉన్న కమిషన్ మొత్తం రాజీనామా చేసింది, పార్లమెంటు ముంగట నిలవలేక. జవాబు అరబ్బీది, దారు ఫారసీది, తనం మనది. 24 అధికార భాషలున్న కూటమికి మూడు భాషల మాట బరువా?

కరీంనగర్ కోడలు: మనం 'జిమ్మేదారి' అంటం. కాళోజీ ఉంటే పలుకుబడుల భాషే రాయమనేటోడు.

చెరువుగట్టు: జిమ్మేదారి బాధ్యత మాత్రమే. పని నెత్తికెత్తుకోవడం ఒకటి, తర్వాత లెక్క చెప్పడం ఇంకోటి. జర్మన్ వాళ్ళ మాటలో కూడా లెక్కే ఉంది. 'లెక్క చెప్పే బాధ్యత' అంటే సరి.

పరకాల పంతులు: బమ్మెర పోతన అయితే ఏ రాజుకూ లెక్క చెప్పలే. భాగవతాన్ని రాజులకు ఇయ్యనని రాసుకున్నడు. అసలు ఆ పద్యంల ఏనుగు అడిగేది దేవున్నే కదా! మొసలి పట్టుకున్నంక అడిగింది, అంతకుముందు అడిగిందా?

చెరువుగట్టు: మంచి మాట. పంతులుగారూ, మరి మొదటి పాదంలో 'దీనులయెడల' అని పాడేవాళ్ళున్నారు, విన్నారా?

పరకాల పంతులు: విన్న, బాధపడ్డ. కలడం, దురుదీ, నులయెడ. అక్కడికి మూడు గణాలు నిండినై. ఆ 'ల'ను ఏడ కూర్చోబెడతరు?

కాజీపేట జంక్షన్: రేపు పొద్దున క్లాసున్నది సార్. పాల్గొనుడు రాయాల్నా, భాగస్వామ్యం రాయాల్నా?

చెరువుగట్టు: ఆగండి, 'యెడ'కు ద్రుతం ఉందో లేదో ముందు తేలనివ్వండి.