ఆఫీసు వాళ్ళతో బుక్‌హాన్‌సాన్ కొండ ఎక్కాలి, వెజ్ వాళ్ళు ఎలా మేనేజ్ చేస్తున్నారు?

సియోల్‌కి వచ్చి నాలుగు నెలలే అయిందండి, మా టీమ్ లీడర్ శనివారం అందరం బుక్‌హాన్‌సాన్ ఎక్కుదాం అంటే సరే అనేశా, తర్వాత చూస్తే బేగున్‌దే శిఖరం 836 మీటర్లంట, చివర్లో బండ మీద ఇనప తాడు పట్టుకుని ఎక్కాలంట! నా దగ్గర మామూలు వాకింగ్ షూసే ఉన్నాయి, సరిపోతాయా?

అసలు టెన్షన్ దిగాక. మక్కొల్లి (బియ్యంతో చేసే కొరియన్ మందు), పాజన్ (ఉల్లికాడల అట్టు) తప్పదంటున్నారు. నేను మందు ముట్టను, పాజన్‌లో చూస్తే రొయ్యలు, స్క్విడ్ కూడా వేస్తారు. పెద్దాయన పోస్తుంటే రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఊరికే పెదాలకి ఆనిస్తే చాలా, లేక ముందే చెప్పేయాలా? బంగాళదుంపతో చేసే గమ్జాజన్ అడగొచ్చా? పైన తినడానికి పులిహోర తీసుకెళ్దామనుకుంటున్నా, వాళ్ళకీ పెడితే తింటారా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.