రాత్రి డ్యూటీలో డాక్టర్‌కి ఫోన్ చేసే తీరు: నర్సులకు సన్నివేశాలతో ఆన్‌లైన్ కోర్సు ఎలా కట్టాలి?

నర్సింగ్_ట్యూటర్:
నమస్తే అండీ. మాది 150 పడకల ఆస్పత్రి, స్టాఫ్ నర్సులు దాదాపు 90 మంది. రాత్రి పేషెంట్ పరిస్థితి మారినప్పుడు డ్యూటీ డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పడం దగ్గరే చిక్కంతా. "సార్, 12లో పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నారు" అంటారు, అటునుంచి "సరే, చూస్తూ ఉండండి" అంటారు, అక్కడితో సరి. ఎస్‌బార్ (పేషెంట్ పరిస్థితిని నాలుగు భాగాల వరసలో చెప్పే పద్ధతి) మీద 40 స్లైడ్ల కోర్సు, చివర 10 ప్రశ్నల క్విజ్ ఉన్నాయి. అందరికీ 90 శాతం పైనే వస్తోంది, ఫోన్లలో మాత్రం మార్పు లేదు. సన్నివేశాల పద్ధతిలోకి మార్చాలి. మూడిల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది, అందరూ చూసేది సెల్‌ఫోన్లోనే. ఎన్ని మలుపులు పెట్టాలి, ఏ టూల్ వాడాలి, ఎక్కడెక్కడ చెడుతుంది?

కోర్సుల_డిజైనర్:
ఎస్ అంటే సిచువేషన్ (ఇప్పుడేం జరుగుతోంది), బి అంటే బ్యాక్‌గ్రౌండ్ (ముందు ఏం జరిగింది), ఏ అంటే అసెస్‌మెంట్ (నర్సు అంచనా), ఆర్ అంటే రికమెండేషన్ (ఏం కావాలి) అని గుర్తుపట్టడం వేరు. రాత్రి రెండింటికి నిద్రలో ఉన్న డాక్టర్‌తో ఆ వరసలో మాట్లాడటం వేరు. మీ క్విజ్ మొదటిదాన్నే కొలుస్తోంది.

ఒక్క పేషెంట్‌తో మొదలుపెట్టండి. నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. సాయంత్రం బీపీ 130/80, రాత్రి 2 గంటలకి 96/60, పల్స్ 118, యూరిన్ గంటకి 20 మి.లీ. ఈ అంకెలన్నీ ఒకే పేరాలో వడ్డించకండి. కేస్ షీట్, మానిటర్, యూరిన్ బ్యాగ్ బొమ్మలు పెట్టి, దేన్ని నొక్కితే దాని వివరమే కనిపించేలా చేయండి. ఏవీ చూడకుండానే ఫోన్ బొమ్మ నొక్కే వీలూ ఉంచండి. అప్పుడు డాక్టర్ "పల్స్ ఎంత?" అని అడిగితే చెప్పడానికేమీ ఉండదు. ఫోన్‌కి ముందు అంకెలు పోగుచేసుకోవడమే సగం పని.

ఆప్షన్లు "ఎస్‌బార్ ప్రకారం చెప్పాలి" లాంటి సూత్రాలుగా కాక, నోటితో అనే మాటలుగానే ఉండాలి:

"సార్, 12లో పేషెంట్‌కి బీపీ తగ్గింది, సాయంత్రం నుంచి ఏమీ తినలేదు, డ్రెస్సింగ్ బాగానే ఉంది, ఫ్లూయిడ్స్ నడుస్తున్నాయి, పేషెంట్ వాళ్లు కంగారు పడుతున్నారు."

"సార్, నిన్న ఆపరేషన్ అయిన 12 పేషెంట్. బీపీ 96/60, పల్స్ 118, యూరిన్ కూడా తక్కువగా ఉంది. ఏం చేయమంటారు?"

"సార్, నిన్న ఆపరేషన్ అయిన 12 పేషెంట్. బీపీ 130 నుంచి 96కి పడింది, పల్స్ 118, యూరిన్ గంటకి 20. పరిస్థితి దిగజారుతోంది, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి."

సరైనది మూడోది. దాని పొడవు, మొదటిదాని పొడవు దాదాపు ఒకేలా ఉన్నాయి చూడండి. సరైనదే పొడుగ్గా ఉంటే చదవకుండానే దాన్ని నొక్కేస్తారు. ఎక్కువమంది ఎంచుకునేది రెండోది. అందులో అసెస్‌మెంట్, రికమెండేషన్ లేవు. "డయాగ్నసిస్ చెప్పడం మా పని కాదు" అన్న వెనకడుగే దానికి కారణం. అసెస్‌మెంట్ అంటే జబ్బు పేరు చెప్పడం కాదనీ, "దిగజారుతోంది" అన్న మాట చాలనీ ఇక్కడే తెలియాలి.

తప్పు ఆప్షన్‌కి ఎర్ర గుర్తు పెట్టకండి. డాక్టర్ "పొద్దున చూద్దాం" అంటారు, 15 నిమిషాలు గడుస్తాయి, బీపీ 88 అవుతుంది. వివరణ సన్నివేశం అయ్యాకే.

మూడిల్_అడ్మిన్:
మలుపుల లెక్క. ప్రతి నిర్ణయానికీ 3 ఆప్షన్లిచ్చి, దేని దారిన దాన్ని వదిలేస్తే 4 నిర్ణయాలకే 81 ముగింపులు వస్తాయి. అన్ని తెరలూ ఎవరూ రాయలేరు. ప్రతి దారినీ ఒక తెర తర్వాత మళ్లీ నడిమి దారిలో కలిపేయండి: ప్రారంభం 1, నిర్ణయాలు 4, పర్యవసానాలు 12, ముగింపులు 3, మొత్తం 20 తెరలు. అందరూ ఒకసారైనా చేసే పొరపాటు ఇక్కడుంది: దారులు కలిసే తెరలో ఉన్న ప్రతి వాక్యమూ ఏ దారిన వచ్చినవారికైనా నిజం కావాలి. "ఇందాక డాక్టర్ చెప్పినట్టు" అని రాస్తే ఒక దారికి అతుకుతుంది, మిగతా రెండింటికీ అతకదు.

చిత్తుప్రతికి ట్వైన్ (మలుపుల కథలు రాసే టూల్) ఉచితం, దారులన్నీ పటంలా కనిపిస్తాయి. కానీ అది ఇచ్చే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని మూడిల్‌లో పెడితే మార్కులు నమోదు కావు. అసలు కోర్సుకి హెచ్5పీ (మూడిల్‌లోనే నడిచే టూల్) లోని బ్రాంచింగ్ సినారియో సరిపోతుంది, నొక్కే బొమ్మలు కూడా అందులో పెట్టొచ్చు. వేరే టూల్‌లో కట్టి స్కార్మ్ 1.2గా (కోర్సుని మూడిల్ లాంటి వాటిలోకి ఎక్కించే ప్యాకేజీ పద్ధతి) ఎక్కిస్తే ఒక జాగ్రత్త: ఆపిన చోటు గుర్తుంచుకునే జాగా 4,096 అక్షరాలే. పెద్ద కోర్సుల్లో అది నిండిపోయి, తిరిగి తెరిచినప్పుడు ఆపిన చోటికి రాకపోవచ్చు. విడివిడిగా చిన్న సన్నివేశాలు మేలు.

తెలుగు లైన్ల మధ్య ఎడం కనీసం 1.5 ఉంచండి, లేకపోతే కింది వత్తులు తెగిపోతాయి. డాక్టర్ మాటలు ఆడియోగా పెడితే 64 కేబీపీఎస్ మోనో చాలు, 20 సెకన్లకు 160 కేబీ.

వార్డు_ఇన్‌ఛార్జ్:
రెండు నిర్ణయాలు తప్పకుండా చేర్చండి.

మొదటిది, డాక్టర్ రానన్నప్పుడు ఏం చేయాలన్నది. అమెరికాలో 2006లో విడుదలైన టీమ్‌స్టెప్స్ అనే ఆస్పత్రి బృందాల శిక్షణలో, ఆందోళనని కనీసం రెండుసార్లు చెప్పాలన్న నియమం ఉంది. ఆందోళన చెప్పడానికి అందులో వాడే "అన్‌కంఫర్టబుల్" అన్న మాటని "అసౌకర్యంగా ఉంది సార్" అని తెలుగు చేస్తే ఎవరూ అనరు. "సార్, నాకు భయంగా ఉంది, ఇది పొద్దున దాకా ఆగేలా లేదు" అని రాయండి. రెండోసారీ వినకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆస్పత్రి ముందే కాగితం మీద ఇవ్వాలి. అది లేకుండా కోర్సులో "పైవాళ్లకి చెప్పండి" అని నేర్పడం నర్సుని ఒంటరిగా నిలబెట్టడమే.

రెండోది ఫోన్‌లో వచ్చే ఆర్డర్. విని, రాసుకుని, చదివి వినిపించి, డాక్టర్ అవునన్నాకే మందు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "వన్ ఫైవ్" అని అంకె అంకెగా చదవాలి. ఆడియోలో కావాలనే కాస్త గరగర పెట్టండి.

నర్సింగ్_ట్యూటర్:
చాలా ఉపయోగం అండీ. ఒక సందేహం: ఎంతైనా ఆప్షన్ నొక్కడమే కదా, నోరు తిరుగుతుందా?

కోర్సుల_డిజైనర్:
నొక్కడంతోనే తిరగదు. అందుకే ఆప్షన్లకి ముందు ఒక ఖాళీ తెర పెట్టండి: "ఇప్పుడు డాక్టర్‌కి ఏం చెబుతారో పైకి చెప్పండి", 30 సెకన్ల ఆడియో రికార్డింగ్. ఆ తర్వాతే ఆప్షన్లు. వారంలోపు డ్యూటీ మారే వేళ ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు డాక్టర్‌గా, ఒకరు నర్సుగా 10 నిమిషాలు చేయించండి. మూడు వారాలకి వేరే పేషెంట్‌తో ఇంకో సన్నివేశం పంపండి.

కొలతకి క్విజ్ మార్కులు వద్దు. కోర్సుకి ముందు 20 రాత్రి ఫోన్లు, నాలుగు వారాల తర్వాత మరో 20 తీసుకుని, ఐదు సంగతులకి టిక్ పెట్టండి: పేషెంట్ ఎవరో చెప్పారా, పాత అంకె, కొత్త అంకె రెండూ చెప్పారా, తమ అంచనా చెప్పారా, ఏం కావాలో అడిగారా, ఆర్డర్ చదివి వినిపించారా. టిక్ పెట్టేది ఇన్‌ఛార్జ్ సిస్టర్ అయితే, ఆ కాగితంలో నర్సు పేరుకి గడి ఉండకూడదు. పేరు ఉంటే ఫోన్లు చేయడమే తగ్గిపోతుంది.