సొంత డబ్బుతో ఐట్రిపుల్‌ఈ రెన్యూ చేయాలా, వదిలేయాలా?

మారతహళ్ళి_మధు
ఎంబెడెడ్ వైపు పన్నెండేళ్లుగా బెంగళూరులో పని చేస్తున్నాను. డిసెంబర్ 31తో ఐట్రిపుల్‌ఈ (మన ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) మెంబర్‌షిప్ గడువు అయిపోతోంది, మెయిల్ మీద మెయిల్. ఇన్నాళ్లూ కంపెనీ రీయింబర్స్ చేసేది, ఈ ఏడాది ఆపేశారు. మెంబర్‌షిప్‌తో పాటు అందులోనే విడి ఫీజుండే కంప్యూటర్ సొసైటీ, కమ్యూనికేషన్స్ సొసైటీ కూడా తగిలించుకున్నాను. మన జేబులోంచి అనేసరికి చెయ్యి రావట్లేదు. మీరైతే కడతారా?

సర్జాపూర్_శీను
వదిలేయండి. కంపెనీ కడితే తీసుకోవాలి, మనం కట్టకూడదు. మూడేళ్ల క్రితం మానేశాను, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గుంటూరు_కుర్రాడు
రీసెర్చ్ పేపర్లన్నీ ఫ్రీగా వస్తాయి కదన్నా, అందుకైనా కట్టొచ్చు.

సర్జాపూర్_శీను
ఎవరు చెప్పారు తమ్ముడూ? కాలేజీలో లైబ్రరీ కట్టేది కాబట్టి నీకు ఫ్రీ అనిపించింది. మెంబరైనా సరే, డిజిటల్ లైబ్రరీకి విడిగా కట్టాలి. కట్టినా నెలకి 25 పేపర్లే. వైఫై, ఈథర్‌నెట్ స్టాండర్డ్స్ కావాలా? అవి ఉండే 802 నంబరు వరసంతా విడుదలైన ఆరు నెలలకి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కంప్యూటర్ వాళ్ల ఇంకో సంఘం ఏసీఎం ఉందిగా, వాళ్లు 1951 నుంచి 2000 దాకా ఉన్న పేపర్లను 2022లోనే అందరికీ తెరిచేశారు. మిగతావి ఆథర్‌కి మెయిల్ పెడితే పంపుతాడు.

గుంటూరు_కుర్రాడు
మా సీనియర్ ఒకతను మెంబర్‌షిప్‌తోనే చదివేవాడు మరి.

సర్జాపూర్_శీను
అతను విడిగా కట్టి ఉంటాడు. అడిగి చూడు.

మల్లేశ్వరం_రామ్మోహన్
శీను గారూ, పేపర్ల దుకాణం అనుకుంటే మీ లెక్క కరెక్టే. కానీ మధు గారు అడిగింది పేపర్ల గురించి కాదు.

మధు గారూ, మూడు పనులు చేయండి. సొసైటీలు రెండింట్లో వాడనిది తీసేయండి. తలసరి ఆదాయం తక్కువున్న దేశాలవాళ్లకి ఈ-మెంబర్‌షిప్ అని తక్కువ ఫీజుది ఉంది, అందులో స్పెక్ట్రమ్ పత్రిక ఇంటికి రాదు, ఫోన్లో చదువుకోవాలి. ఇక పన్నెండేళ్లు దాటాయి కాబట్టి సీనియర్ మెంబర్ గ్రేడుకి అప్లై చేయండి. దానికి అదనపు ఫీజు లేదు. పదేళ్ల అనుభవం, అందులో అయిదేళ్లు చెప్పుకోదగ్గ పని చూపించాలి. బీటెక్‌ని కూడా మూడేళ్లుగా లెక్కేస్తారు.

అన్నిటికంటే ముందు, ఇక్కడి చాప్టర్ (సంఘం స్థానిక శాఖ) పెట్టే టాక్‌కి ఒక్కసారి రండి. శనివారం ఐఐఎస్సీలో పవర్ ఎలక్ట్రానిక్స్ మీద మాట్లాడటానికి మంచి మనిషిని పిలిస్తే వచ్చేది పదిహేను మంది. అందులో సగం స్టూడెంట్లు, మిగతా సగం రిటైరైనవాళ్లు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎక్కడున్నారో నాకు అర్థం కాదు.

లక్ష్మి_బీటీఎం
ఉద్యోగం లేని ఏడాది అడిగితే సగం ఫీజుకే ఇచ్చారు. నేను కొనసాగించాను.

సర్జాపూర్_శీను
ఉద్యోగంలో ఉన్నవాళ్లు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారు రామ్మోహన్ గారూ, శనివారం కూడా.

ఇక సీనియర్ గ్రేడ్ గొప్ప చెప్పకండి. ముగ్గురు రిఫరెన్స్ ఇస్తే అయిపోతుంది. లింక్డ్‌ఇన్‌లో మొహం తెలియనివాళ్లని అడిగినా ఇచ్చేవాళ్లున్నారు. చెక్క మీద కంచు రేకు అతికించిన ఫలకం ఒకటి పంపిస్తారు. మా అమ్మ దాన్ని షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన పెట్టింది, ఎవరొచ్చినా చూపిస్తుంది. దాని వల్ల జరిగిన మేలు అదొక్కటే.

మల్లేశ్వరం_రామ్మోహన్
అంటే మీరూ అలా తీసుకున్నవారేనన్నమాట. నాకూ వస్తుంటాయి మెసేజీలు: "సర్, ఈబీ1 గ్రీన్‌కార్డుకి అర్జెంటు, ఈ వారంలోపు రిఫరెన్స్ కావాలి." ఏం పని చేశారు బాబూ అంటే రెజ్యూమే పడేస్తారు. ఒక్క టాక్‌కి రండి, మాట్లాడుకుందాం అంటే మళ్లీ కనిపించరు. ఇలాంటివాళ్లు వాడుకుని వదిలేసి, తర్వాత పనికిరాదని ప్రచారం చేస్తారు.

సర్జాపూర్_శీను
మాట జాగ్రత్త. నేనేం దొంగతనం చేయలేదు.

తొమ్మిదేళ్లు అమెరికాలో ఈబీ2 గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాను. లైను కదలదు. ఒక లాయరు చెప్పాడు, ఈబీ1లో అసాధారణ ప్రతిభ కింద వేద్దాం, పది ప్రమాణాల్లో మూడు చూపిస్తే చాలు, అందులో మెంబర్‌షిప్ ఒకటి అని. ఆయన ఫీజు కట్టాను, ఐట్రిపుల్‌ఈకీ కట్టాను. చివరికి ఇమిగ్రేషన్ వాళ్ల నుంచి వచ్చిన జవాబేంటో తెలుసా? అనుభవం ఉన్న ఎవరికైనా దొరికే గ్రేడు గొప్ప విజయానికి గుర్తు కాదట. సీనియర్‌కి పై గ్రేడు ఫెలో, అదైతే చూసేవారేమో. ఫెలో అంటే ఓటున్న సభ్యుల్లో వెయ్యికి ఒకరిని మించి ఏడాదికి ఇవ్వరు. నేనెక్కడ, అదెక్కడ? పిల్లల్ని స్కూలు మధ్యలో మాన్పించి తీసుకొచ్చాను. మీరేమో టాక్‌కి రాలేదని ఏడుస్తున్నారు.

వైట్‌ఫీల్డ్_వాసు
అన్నలూ, కాస్త నెమ్మది. మధు గారు పారిపోతారు.

మల్లేశ్వరం_రామ్మోహన్
మీకు జరిగింది మామూలు దెబ్బ కాదు శీను గారూ, ఒప్పుకుంటాను. కానీ మీ లాయరు చెప్పినదానికి నా సంఘం ఏం చేస్తుంది? పదేళ్లుగా ప్రొజెక్టర్ కేబుల్ నా బ్యాగులోనే ఉంటుంది. నాకేమొచ్చింది అని లెక్కేసుకుంటే మొదటి ఏడాదే మానేసేవాణ్ని. మన పని నేర్పినవాళ్లకి కాస్తయినా తిరిగి ఇవ్వాలి కదా. అందరూ "నాకేంటి" అనేవాళ్లే అయితే అది సంఘమెలా అవుతుంది?

సర్జాపూర్_శీను
అసలు గొడవ అక్కడే. మీకది సంఘం. నాకు ప్రతి డిసెంబర్‌లో వచ్చే బిల్లు. బిల్లు కట్టేవాడు "నాకేంటి" అని అడిగితే అదేదో పాపమన్నట్టు మాట్లాడతారు. మీరు ఊరికే చేస్తున్నారు కాబట్టి, మేం కూడా ఊరికే కట్టాలా?

మల్లేశ్వరం_రామ్మోహన్
అడగండి, ఎవరొద్దన్నారు? ఏటా ఎన్నికలు జరుగుతాయి, బ్యాలట్ మీ మెయిల్‌కే వస్తుంది. ఎప్పుడైనా తెరిచారా?

సర్జాపూర్_శీను
తెరిస్తే ఏం మారుతుందో చెప్పండి ముందు.

మారతహళ్ళి_మధు
ఇద్దరికీ దండం. నాకు వీసా గొడవ లేదు, శనివారం ఖాళీ కూడా లేదు, పిల్ల స్విమ్మింగ్ క్లాస్ ఉంటుంది. కమ్యూనికేషన్స్ సొసైటీ తీసేయడం ఖాయం. ఈ-మెంబర్‌షిప్ సంగతి ఈ రాత్రికి చూస్తాను. సొసైటీ తీసేయాలంటే ఎవరికైనా రాయాలా?

మల్లేశ్వరం_రామ్మోహన్
అక్కర్లేదు. రెన్యువల్ పేజీ తెరవగానే పాతవన్నీ కార్ట్‌లో ముందే పడి ఉంటాయి. అక్కర్లేనిది తీసేసి కట్టండి.

సర్జాపూర్_శీను
చూశారా, ముందే పెట్టేస్తారు.