పిల్లలకీ మాకూ కలిపి ఒకే గేమ్ కన్సోల్: ఏది తీసుకోవాలి?

పాపకి 6 ఏళ్లు, బాబుకి 11. నలుగురం ఒకే టీవీ ముందు కూర్చుని ఆడాలని నా కోరిక. నింటెండో వాళ్ల స్విచ్ లైట్, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చూశాను. వాడిన గేములు చవగ్గా దొరికితే కొందామనుకుంటున్నా. మీరేమంటారు?

జవాబు 1:
స్విచ్ లైట్ మాత్రం వద్దండి, అది టీవీకి కలవదు. మామూలు స్విచ్ తీసుకోండి. దాంతో వచ్చే రెండు జాయ్‌కాన్లనీ (పక్కల నుంచి ఊడొచ్చే చిన్న కంట్రోలర్లు) చెరొకటి అడ్డంగా పట్టుకుంటే చాలా గేముల్లో ఇద్దరు ఆడొచ్చు. ఇంకో జత కొంటే నలుగురూ. మా చిన్నదాని చేతికి అవే సరిగ్గా ఇమిడాయి.

జవాబు 2:
సిరీస్ ఎస్‌లో డిస్క్ పెట్టే చోటే లేదు, అన్నీ డౌన్‌లోడే. వాడిన గేములు కొనాలంటే అది కుదరదు. స్విచ్‌కి కార్ట్రిడ్జ్‌లు (గేమ్ ఉండే చిన్న కార్డులు) ఉంటాయి కాబట్టి ఆడేశాక వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు కూడా.

జవాబు 3:
ఏది కొన్నా పిల్లలకి చూపించే ముందురోజే అప్‌డేట్లు ఎక్కించేయండి. మావాడి పుట్టినరోజున అప్పటికప్పుడు విప్పాం. అప్‌డేట్ పూర్తయ్యేసరికి వాడు సోఫాలోనే నిద్రపోయాడు, నాకు ఇప్పటికీ బాధే. పిల్లల అకౌంట్లు విడిగా తెరిచి, ఆడే సమయానికీ కొనుగోళ్లకీ హద్దు పెట్టండి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది.

అడిగినవారు:
లైట్ కొనేసేదాన్నే, ఆపారు! మామూలు స్విచ్, ఇంకో జత జాయ్‌కాన్లు తీసుకుంటా.