సమస్యాపూరణం: మునిగినట్టి పడతి ముందు గెలిచె

అర్థం పొసగనట్టుండే పాదం ఒకటి ఇస్తాను, మిగతా మూడు పాదాలు మీరు కట్టి అర్థం కుదర్చాలి. ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

"మునిగినట్టి పడతి ముందు గెలిచె"

విషయం మహిళల ఫ్రీస్టైల్ ఈత పోటీ. 2025 ఆగస్టులో సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 800 మీటర్ల ఫైనల్ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాకి చెందిన కేటీ లెడెకీ 8 నిమిషాల 5.62 సెకన్లు, ఆస్ట్రేలియా అమ్మాయి లానీ పాలిస్టర్ 8 నిమిషాల 5.98. కొలను ఈ దరి నుంచి ఆ దరికి 16 సార్లు ఈదాక ఇద్దరి మధ్య తేడా ఓ అరవై సెంటీమీటర్లు. చూస్తున్న మనకే అంత టెన్షన్! మునిగిన మనిషి ఎలా గెలుస్తుందో చెప్పి చిక్కు విప్పండి. గణాలు (లఘుగురువుల కూర్పు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) సరిచూసుకుని పంపండి.

రామచంద్రపురం నుంచి

దుముకి నీటికింద తోక యాడించెడి
చేపవోలె సాగి, చివర లేచి,
ముందె తేలినట్టి ముదితల కన్నను
మునిగినట్టి పడతి ముందు గెలిచె.

నా మాట: చిక్కు విప్పాల్సిన చోటే విప్పారండి. దిమ్మ మీంచి దూకినప్పుడు, గోడని తన్నినప్పుడు వచ్చే ఊపు చేతులతో ఎంత ఈదినా రాదు. నీటి పైకి వచ్చాక ఒంటి ముందు అల లేచి వెనక్కి తోస్తుంది. కింద ఆ బెడద తక్కువ. అందుకే రెండు కాళ్లూ జోడించి డాల్ఫిన్‌లా తన్నుతూ కిందే పోతారు. అయితే 15 మీటర్లు దాటేలోగా తల పైకి రావాలి, లేదంటే డిస్‌క్వాలిఫై చేస్తారు. మీ పద్యంలో "చివర లేచి" అంటే కొలను చివర అనుకునే ప్రమాదం ఉంది. వరసల మధ్య తాళ్ల మీద 15 మీటర్ల దగ్గర గుర్తు ఉంటుంది కదా, దాన్నే పద్యంలోకి తెద్దాం:

దుముకి నీటికింద దూసెడి చేపయై
గీటుదాక సాగి, కెరలి లేచి...

భీమవరం నుంచి: పూరణ బాగుంది గానీ మాస్టారూ, 800 మీటర్లకి ఇది నప్పదు. పదిహేను మలుపుల్లో ప్రతిసారీ అంతసేపు ఊపిరి బిగబడితే చివరి వంద మీటర్లకి ఒంట్లో ఏం మిగులుతుంది? ఇది 50, 100 మీటర్ల వాళ్ల ఎత్తుగడ.

నా మాట: నిజమే. దూరం పెరిగేకొద్దీ నీటి కింద తన్నులు తగ్గిస్తారు. సమస్యలో దూరం ఇవ్వలేదు కాబట్టి పూరణ నిలుస్తుంది.

పాలకొల్లు నుంచి

పదునయిదవ యేట పసిడి గెల్చిన పిల్ల
ఏండ్లు పదియు దాట నీదుచుండి,
తెల్లవారకుండ తీరని సాధనన్
మునిగినట్టి పడతి ముందు గెలిచె.

నా మాట: అక్కయ్యగారూ, రెండుసార్లు చదివాను, మూడోసారి పైకి చదివి ఇంట్లోవాళ్లకి వినిపించాను. లెడెకీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే 800 మీటర్లలో స్వర్ణం గెలిచినప్పుడు ఆమె వయసు పదిహేనే. ఆ తర్వాత రియో, టోక్యో, పారిస్. ఒకే పోటీలో వరసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. సింగపూర్‌లో గెలిచేనాటికి ఇరవై ఎనిమిది. మొదటి పాదంలో పిల్ల, నాలుగో పాదానికి పడతి. మధ్యలో గడిచిన కాలమంతా రెండో పాదంలో పట్టింది. "సాధనన్" అని ద్రుతంతో (చివరి నకారంతో) ఆపి మునకని నీళ్లలోంచి సాధనలోకి మార్చేశారు. "ఏండ్లు" అన్న అచ్చుకి "దాట నీదు"లో ఈకారంతో యతి, ద్రుతం విడదీసి చూస్తే సరిగ్గా కుదిరింది. నేను వేలు పెట్టే చోటు లేదు.

యానాం నుంచి

ఒక్కసారె గోడ నిద్దరు పడతులు
తాక నిద్దరికిని దక్కె పసిడి,
వెండి లేని పోటి విడ్డూరమౌ గాదె,
మునిగినట్టి పడతి ముందు గెలిచె.

నా మాట: తమ్ముడూ, ఎంచుకున్న సంగతి బంగారం. 2016 రియో ఒలింపిక్స్, 100 మీటర్లు. సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ ఇద్దరికీ 52.70 సెకన్లే. ఇద్దరికీ స్వర్ణం ఇచ్చి వెండి ఎవరికీ ఇవ్వలేదు. 1984 లాస్ ఏంజెలెస్‌లోనూ ఇదే పోటీలో ఇద్దరు అమెరికా అమ్మాయిలు ఇలాగే సమంగా తాకారు. సెకనులో వెయ్యో వంతు చూసి తేల్చొచ్చు కదా అంటారేమో. 1972 మ్యూనిక్‌లో మగవాళ్ల 400 మీటర్ల మెడ్లీని (నాలుగు రకాల ఈతలూ కలిసిన పోటీ) అలాగే సెకనులో వెయ్యో వంతులు రెండంటే రెండే తేడాతో తేల్చారు. తర్వాత నిబంధన మార్చి నూరో వంతు దగ్గరే ఆపేశారు. ఆ వేగంలో వెయ్యో వంతు అంటే 2 మిల్లీమీటర్లు. కొలను కట్టినప్పుడు వరసకీ వరసకీ మధ్య పొడవులో వచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. గోడ తేడాకి పిల్ల పతకం పోకూడదు కదా.

ఇక పద్యం. మొదటి పాదంలో "ఒ"కి "ఇ"తో యతి చెల్లదు. అంతకంటే పెద్ద చిక్కు, ఇద్దరూ సమంగా తాకితే "ముందు" ఎవరు? మూడు పాదాలు చెప్పినదాన్ని నాలుగోది కొట్టేస్తోంది. పాత అవధానుల దారిలో ప్రశ్నగా మలిస్తే ఆ చిక్కు తీరుతుంది:

ఇరువు రొక్కసారె యీతలో గోడను
తాక నిద్దరికిని దక్కె పసిడి;
వెండి లేని పోటి, విడమర్చి చెప్పు మే
మునిగినట్టి పడతి ముందు గెలిచె?

యానాం నుంచి: ఆయ్, "చెప్పుము, ఏ" అన్నదాన్ని "చెప్పు మే" దగ్గర విరిచారు చూడండి, అక్కడే ప్రాణం వచ్చిందండి.

నరసాపురం నుంచి అప్పుల్లో మునిగిన పడతి మీద ఒక పూరణ వచ్చింది. ఛందస్సు సరిగానే ఉంది గానీ ఈత పోటీ ఊసే లేదు, అందుకే పక్కన పెట్టాను.

సఖినేటిపల్లి నుంచి

అరటి బోదె పట్టి యాడిన పిల్లయే
మొదట కాల్వ నీట మునిగి తేలె,
భయము విడిచి పోటి బరిలోన నిలువగ
మునిగినట్టి పడతి ముందు గెలిచె.

పాలకొల్లు నుంచి: అమ్మాయీ, మనూరి నీళ్లు తెచ్చావు, సంతోషం. కానీ రెండో పాదంలోనే "మునిగి" అనేస్తే నాలుగో పాదంలో ఏం మిగిలింది? "మింటి కేసి చూచి మింగె నీళ్లు" అని చూడు. బోదె ఉంది కాబట్టి కాలవ అని చెప్పకుండానే తెలుస్తుంది.

నా మాట: అక్కయ్యగారి సవరణే ఖాయం. మునిగే పిల్ల కళ్లు ఆకాశం వైపే ఉంటాయి, రేవు మీద నిలబడి చూసినవాళ్లకి తెలుసు. ఈ పద్యం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఇటు వశిష్ఠ, అటు గౌతమి, నడుమ వైనతేయ, అన్నీ గోదావరి పాయలే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పటి నుంచి పొలాల వెంట కాలవలే కాలవలు. అయినా మన ఇళ్లలో కొడుకుని నడుం పట్టుకుని రేవులో దింపి ఈత నేర్పిన తండ్రి, కూతురిని బట్టలు కాపలా కాయమని గట్టు మీద కూర్చోబెడతాడు. కాలవ ఎవరినైనా ఒకేలా లాగుతుంది. పంటు ఎక్కి ఏరు దాటే ప్రతి ఆడపిల్లకీ ఈత వచ్చి తీరాలి. పతకాల మాట తర్వాత. వేసవిలో కాలవలు కట్టేసేలోగా, నీళ్లు నడుం లోతున ఉన్నప్పుడే మొదలుపెట్టండి, పక్కన పెద్దవాళ్లు నిలబడి.

ఈ వారం మొదటి స్థానం పాలకొల్లు పూరణకి. సవరించాక సఖినేటిపల్లిది రెండోది. వచ్చే వారానికి తేటగీతి నాలుగో పాదం ఇస్తున్నాను, విషయం ఇదే:

"చివర తాకిన పడతికే చేరె పసిడి"