కరెంటు పోయి వస్తే జావా కెర్బెరోస్ లాగిన్ కావట్లేదు, ఎర్రర్ 37

బ్రాడీపేట_జావా:
గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే చూస్తాను. జావా 17, ఉబుంటు 24.04. లాగిన్ విజయవాడ ఆఫీసులోని యాక్టివ్ డైరెక్టరీ (యూజర్ల ఖాతాలు చూసే విండోస్ వ్యవస్థ) మీద, కెర్బెరోస్‌తో (పాస్‌వర్డ్ పంపకుండా టికెట్లతో గుర్తింపు చూసే పద్ధతి). మూడు నెలలు బాగానే నడిచింది. సోమవారం గంటసేపు కరెంటు పోయింది, వచ్చాక 'క్లాక్ స్క్యూ టూ గ్రేట్' (గడియారాల తేడా మరీ ఎక్కువ) అని ఎర్రర్ 37 ఇచ్చి మొండికేసింది. టైమ్ చేత్తో సరిచేస్తే అయింది. బుధవారం రెండు నిమిషాలే పోయింది, ఏ ఇబ్బందీ లేదు. శుక్రవారం అరగంట పోయింది, మళ్లీ అదే గోల. బయట మిర్చి టిక్కీలతో (బస్తాలతో) లారీ, లోపల నా మొహమే చూస్తూ గుమాస్తా. రెల్మ్ (కెర్బెరోస్‌లో డొమైన్) పేరు పెద్దక్షరాల్లోనే ఉంది, కీట్యాబ్ (లాగిన్ కీలు ఉండే ఫైలు) కూడా కొత్తగా తీశాను.

కృష్ణలంక_కోడర్:
కేఆర్‌బీ5 ఫైల్లో (కెర్బెరోస్ సెట్టింగులు) క్లాక్‌స్క్యూ, అంటే ఒప్పుకునే టైమ్ తేడా, 4000 సెకన్లు పెట్టేయండి, పీడా పోతుంది.

బెంజ్‌సర్కిల్_అడ్మిన్:
పోదండీ. అది మన వైపు లెక్క, డొమైన్ కంట్రోలర్ (విజయవాడలో లాగిన్లు చూసే సర్వర్) దాన్ని పట్టించుకోదు. ఎవరైనా పాత మెసేజ్ పట్టుకుని మళ్లీ పంపకుండా, టికెట్ అడిగేటప్పుడు మీ మెషిన్ టైమ్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. మామూలుగా 5 నిమిషాలు దాటి తేడా ఉంటే అవతలివాడు ఒప్పుకోడు. అందుకే రెండు నిమిషాలు చెల్లింది, అరగంట దొరికిపోయింది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 సెల్ అయిపోయినట్టుంది. అది పోతే ఉబుంటు చివరిసారి డిస్కులో రాసుకున్న టైమ్ నుంచే మొదలుపెడుతుంది. అంటే కరెంటు లేనంతసేపూ గడియారం ఆగినట్టే.

సెల్ మార్చి ఊరుకోకండి. నెట్‌లో టైమ్ ఎందుకు సర్దుకోవట్లేదు? కెర్బెరోస్ కోసం ఫైర్‌వాల్‌లో 88 పోర్టు తెరిచినవాళ్లు టైమ్ కోసం యూడీపీ 123 మర్చిపోయి ఉంటారు. అది తెరిపించి, టైమ్‌సింక్‌డీ (ఉబుంటులో టైమ్ సర్దే ప్రోగ్రామ్) ఫైల్లో ఎన్‌టీపీ (టైమ్ సర్వర్) దగ్గర డొమైన్ కంట్రోలర్ పేరే రాయండి.

బ్రాడీపేట_జావా:
సెల్ మల్టీమీటర్‌లో 1.9 వోల్టులే చూపించింది! కొత్తది 3 ఉండాలి. 123 కూడా మూసే ఉంది, తెరిపించాను. అయినా సింక్ కాలేదు, లాగ్‌లో 'రూట్ డిస్టెన్స్' (సర్వర్ టైమ్‌లో ఉండగల తప్పు అంచనా) ఎక్కువగా ఉందని వస్తోంది.

బెంజ్‌సర్కిల్_అడ్మిన్:
విండోస్ సర్వర్‌తో ఇది పాత తగువే. టైమ్‌సింక్‌డీ ఫైల్లోనే దానికి హద్దు రూట్‌డిస్టెన్స్‌మ్యాక్స్‌సెక్ 5 సెకన్లు ఉంటుంది, 30 చేయండి.

బ్రాడీపేట_జావా:
చేశాను. కావాలనే మెయిన్ పావుగంట ఆపి మళ్లీ వేశాను. మొదటి దెబ్బకే లాగిన్ అయిందండీ. ఇప్పుడు గుమాస్తా యూపీఎస్ ఎందుకు కొనలేదని అడుగుతున్నాడు, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.