పది గెలిచినా చాలదంటే కోచ్‌ని దేంతో కొలవాలి?

స్టేట్‌కాలేజ్_2011: మా పెన్ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఫ్రాంక్లిన్‌ని తీసేసిన సంగతి నాకింకా మింగుడు పడట్లేదు. 2014లో వచ్చేనాటికి పెన్ స్టేట్ మీద ఆంక్షలున్నాయి, స్కాలర్‌షిప్‌ల కోత ఉంది. అక్కణ్ణుంచి 104 గెలిచి 45 ఓడాడు. 2024 సీజన్‌లో జాతీయ టైటిల్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. మరుసటి అక్టోబర్‌కి ఉద్యోగం లేదు. అసలు ఒక కోచ్‌కి ఎన్నేళ్లివ్వాలి, ఏం చూసి తూచాలి? మీ యూనివర్సిటీల్లో ఏం జరిగిందో చెప్పండి.

లింకన్_చలి: నెబ్రాస్కా వాళ్లని అడుగు తమ్ముడూ. 2003లో మా కోచ్ సోలిచ్ తొమ్మిది గెలిచి మూడు ఓడి 9-3తో ఉండగా పంపేశారు. 2014లో పెలినీదీ అదే 9-3. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తొమ్మిది గెలుపులకి తగ్గని మనిషి! తర్వాత రైలీ 19-19. ఆ తర్వాత మన ఇంటి పిల్లాడని నెత్తిన పెట్టుకున్న ఫ్రాస్ట్ 16-31. మా వాడు 2017లో పుట్టాడు. వాడు పుట్టాక తొమ్మిది గెలిచిన సీజన్ ఒక్కటీ లేదు. అయినా ఎర్ర టీషర్ట్ వేసుకుని నా పక్కన కూర్చుంటాడు.

కొలంబస్_బావ: 104 గెలుపులు అంటున్నారు, బాగుంది. దేశం ర్యాంకింగ్స్‌లో టాప్ టెన్ జట్ల మీద 4-21, ఆ లెక్క ఎందుకు రాయలేదు? చిన్న జట్లని ఎవరైనా కొడతారు.

స్టేట్‌కాలేజ్_2011: ఆ 21లో సగానికి పైగా ఒహాయో స్టేట్, మిషిగన్. 2023 దాకా ఆ రెండూ ఏటా మా షెడ్యూల్‌లో ఉండేవి. అవి లేని కోచ్‌తో పోలిస్తే ఎలా?

కొలంబస్_బావ: ఉంటేనేం? జీతం తీసుకునేది వాటిని కొట్టడానికే. మా ఒహాయో స్టేట్ కోచ్ ర్యాన్ డే మిషిగన్‌కి వరసగా నాలుగుసార్లు ఓడితే మేమూ ఊరుకోలేదు.

లెక్కల_మాస్టారు_ఫ్రిస్కో: నేను స్పోర్ట్స్ డేటా మీదే పనిచేస్తాను కాబట్టి చెప్తున్నా. ఆట మొదలయ్యేనాటి ర్యాంకు పనికిమాలిన కొలత. సెప్టెంబర్‌లో ఎనిమిదో ర్యాంకు జట్టు నవంబర్‌కి లిస్టులోనే ఉండకపోవచ్చు. చేతిలో ఉన్న ఆటగాళ్ల స్థాయికి ఎన్ని గెలవాలి, ఎన్ని గెలిచాడు, అది చూడాలి.

కొలంబస్_బావ: మాస్టారూ, మీ ఎక్సెల్ షీట్ ఫోర్త్ డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నం దగ్గర, నిర్ణయం తీసుకోదు. ఆ డే 2024 నవంబర్‌లో సొంత గడ్డ మీద మిషిగన్‌కి 13-10తో ఓడాడు. ఆ రాత్రి నేనూ తిట్టాను. రెండు నెలల్లో టైటిల్ తెచ్చాడు. అప్పుడే తీసేసి ఉంటే?

స్టేట్‌కాలేజ్_2011: మరి నేను చెప్తున్నది అదే కదండీ! మీ కోచ్‌కైతే ఓపిక, మా కోచ్‌కైతే 4-21.

కొలంబస్_బావ: మావాడు గెలిచి చూపించాడు. మీవాడు అప్పటిదాకా గెలుపు లేని యూసీఎల్‌ఏ మీద 42-37తో ఓడాడు, మరుసటి వారం సొంతూళ్లో నార్త్‌వెస్టర్న్ మీద ఓడాడు. దాన్ని కూడా వెనకేసుకొస్తారా?

నల్గొండ_ఆగీ: మీ లొల్లి ఆపుర్రి. పైసల ముచ్చట ఎవ్వరు ఎత్తరేంది? మా టెక్సస్ ఏ అండ్ ఎమ్ కోచ్ ఫిషర్‌ని 2023ల తీసేస్తే 7.5 కోట్ల డాలర్లకు మించి ఇయ్యాల్సొచ్చింది. 2020ల 9-1 చేసిండని కాంట్రాక్ట్ పెంచిన్రు, అదే మెడకు చుట్టుకుంది. కోచ్‌ది కాదు తప్పు, సంతకం పెట్టినోళ్లది.

లింకన్_చలి: మాది మొదలైంది అసలు కోచ్‌లతో కాదు. 2011లో బిగ్ 12 లీగ్ వదిలి బిగ్ టెన్ లీగ్‌కి మారాం, టెక్సస్ కుర్రాళ్లు రావడం తగ్గింది. అది ఏ కోచ్ ఖాతాలో రాయాలి?

నల్గొండ_ఆగీ: అన్నా, గప్పుడు మేం కూడ బిగ్ 12 ఇడిచిపెట్టినం. మారంగనే అంతా కరాబైతదా?

బ్లూమింగ్టన్_పద్మ: ఇండియానా సంగతి ఎవరూ అనరేం? నేను అక్కడ చదివినప్పుడు మూడో క్వార్టర్‌కి సగం స్టాండ్స్ ఖాళీ. కోచ్ సిగ్నెట్టీ వచ్చిన మొదటి ఏడాదే 2024లో 11-2. తను అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన ఆటగాళ్లని వెంటబెట్టుకొచ్చాడు. ఆటగాళ్లు కాలేజీ మారేందుకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉన్నాక ఐదేళ్లు ఆగండి అనే మాట ఇక చెల్లదు.

లెక్కల_మాస్టారు_ఫ్రిస్కో: పద్మగారూ, ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టకండి.

బ్లూమింగ్టన్_పద్మ: మీరు లెక్క కడుతూ ఉండండి సార్. మేం ఇరవై ఏళ్లు ఓడిపోతూ కూడా కూర్చున్నవాళ్లం.

స్టేట్‌కాలేజ్_2011: నేను పోట్లాడ్డానికి రాయలేదు. 2025 సెప్టెంబర్ 27న ఓరెగాన్‌తో వైట్ అవుట్‌కి గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నని తీసుకెళ్లాను. అందరూ తెల్లబట్టలు వేసుకోవాలంటే ఆయన తెల్ల పంచె కట్టుకొచ్చాడు. మా వరసలో కుర్రాళ్లంతా ఆయనతో ఫోటోలు దిగారు. రెండో ఓవర్‌టైమ్‌లో మేం వేసిన మొదటి బంతే వాళ్ల చేతిలో పడింది, 30-24. అదే కుర్రాళ్లు ‘ఫైర్ ఫ్రాంక్లిన్’ అని అరవడం మొదలుపెట్టారు. ఏమంటున్నారని నాన్న అడిగితే చెప్పాను. ‘ఈ ఒక్క ఆటకేనా?’ అన్నాడు. కాదు నాన్నా, చాలా ఏళ్లది అన్నాను. పార్కింగ్ దాకా ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడు ఊర్నుంచి ఫోన్ చేస్తే ముందు ఫ్రాంక్లిన్ ఎక్కడున్నాడని అడుగుతాడు. వర్జీనియా టెక్‌లో చేరాడని చెప్పాను. వాళ్ల ఆటలు పొద్దున ఎన్నింటికి వస్తాయో కనుక్కోమన్నాడు.